కనుమ భోజనానికి వెరోనా వైన్లు: మాసి వారి మూడు సీసాలు

ఇటలీలోని వెరోనా దగ్గర మాసి అనే వైన్ తయారీ సంస్థ (వైనరీ) వాళ్ళ మూడు సీసాల్లో ఏది కొనాలని అడిగేవాళ్ళకి ముందే చెప్పేస్తాను. కాంపోఫియోరిన్ అనే రెడ్ వైన్ కొనండి. అమరోనే చాలా గొప్ప వైన్, కానీ మన కారంతో దానికి పొత్తు కుదరదు. కూరలన్నీ తీసేశాక, తీరిగ్గా కూర్చుని తాగాల్సిన వైన్ అది. రెచోతో అనే తీపి వైన్ మాత్రం పిండివంటలున్న ఇంట్లో ఒక సీసా ఉంటే పండగకి నిజంగా అందం వస్తుంది. ఎందుకిలా అంటున్నానో వివరంగా రాస్తాను.

పాలకొల్లులో నాది వంటల కాంట్రాక్టు. పెళ్ళిళ్ళు, గృహప్రవేశాలు, షష్టిపూర్తులు, సంక్రాంతికి ఇళ్ళల్లో పెద్ద పంక్తులు. ఈ మధ్య విదేశాల్లో స్థిరపడ్డ పిల్లలు పండక్కి వచ్చినప్పుడు, "బాబాయ్, వైన్ పెట్టుకుంటున్నాం, దానికి తగ్గ ఐటమ్ ఏదో చెప్పండి" అంటున్నారు. ఇలాంటి దానికి నోటికొచ్చిన సమాధానం చెప్పడం నాకు ఇష్టం ఉండదు. ఏ కూరలో ఎంత పులుపు పడితే ఎంత ఉప్పు పట్టుకుంటుందో, ఏ నూనె ఏ కారాన్ని మోస్తుందో తెలిసినవాడిని. వైన్‌ని కూడా అలాగే నాలుకతో తెలుసుకోవాలనుకున్నాను. మా అక్క కొడుకు వెరోనాలో ఉద్యోగం చేస్తున్నాడు. అక్కడికి దగ్గర్లోనే ద్రాక్షతోటల ప్రాంతం ఉందని, తరతరాలుగా ఒకే కుటుంబం నడుపుతున్న వైనరీ ఉందని చెబితే, "పేరున్నది ఒకటి, మామూలుగా రోజూ తాగేది ఒకటి, తీపిది ఒకటి తీసుకురారా" అన్నాను. వాడూ వాళ్ళావిడా ఇద్దరూ వచ్చారు కాబట్టి, విమానంలో వచ్చే మనిషికి రెండు లీటర్లన్న కస్టమ్స్ లెక్కలో మూడు సీసాలూ హాయిగా సరిపోయాయి.

వెరోనాకి ఉత్తరంగా, ఒకపక్క గార్దా సరస్సు, ఇంకోపక్క లెస్సీని కొండలు, మధ్యలో ఉన్న లోయల ప్రాంతం పేరు వాల్పోలిచెల్లా. బోస్కాయిని కుటుంబం 18వ శతాబ్దం చివర్లో అక్కడ వాయో దేయి మాసి అనే చిన్న లోయలో తోటలు కొనింది. వాళ్ళ తొలి పంట 1772లో వచ్చింది. ఆ లోయ పేరే వైనరీకి పెట్టుకుని ఇప్పటికీ మాసి అనే పిలుచుకుంటున్నారు. కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పని పూర్తయింది 1852లో. అంటే మన డెల్టాకి కాలవలు రావడానికి ఎనభై ఏళ్ళ ముందు నుంచే ఆ కుటుంబం ద్రాక్ష పిండుతోంది. కుటుంబ సంస్థ అన్నాం కదా అని ఇంటి పెరట్లో నాలుగు పీపాలు పెట్టుకున్న చిన్న వ్యవహారం అనుకోకండి. పెద్ద కంపెనీ. 2015లో మిలాన్ స్టాక్ మార్కెట్‌లో షేర్లు కూడా పెట్టారు. అయినా పగ్గాలు బోస్కాయిని వాళ్ళ చేతిలోనే ఉన్నాయి. నాకు ఇందులో తప్పేమీ కనిపించలేదు. ఇంత పెద్దగా ఎదిగాక కూడా పాత పద్ధతిని వదలకపోవడమే నన్ను ఆకట్టుకుంది.

ఆ పద్ధతి గురించి కాస్త ఎక్కువే రాస్తాను, ఎందుకంటే సీసాలో ఉన్న రుచంతా అక్కడే పుడుతుంది.

మామూలుగా రెడ్ వైన్ అంటే ద్రాక్ష కోసి, చిదిపి, తొక్కలతో సహా పులియబెట్టడం. వాల్పోలిచెల్లాలో అమరోనేకీ, రెచోతోకీ అలా చేయరు. సెప్టెంబర్, అక్టోబర్ నెలల్లో మంచి గుత్తుల్ని ఏరి కోసి, అటకల మీద పరిచి ఆరబెడతారు. వెదురు తట్టల్లాంటి అరల మీద, గుత్తికి గుత్తి తగలకుండా. మూడు నెలలకి పైగా అలా ఉంచితే ద్రాక్ష బరువులో మూడోవంతు తగ్గిపోతుంది. పోయేది నీరు. మిగిలేది తీపి, తొక్కలో ఉన్న వగరు, వాసన. ఆ తర్వాత చలికాలంలో పిండి పులియబెడతారు. అమరోనే నిబంధనల ప్రకారం మామూలుగా డిసెంబర్ 1కి ముందు ఆ ద్రాక్షని పిండకూడదు. చలికీ, అంత తీపికీ ఈస్ట్ చాలా నెమ్మదిగా పనిచేస్తుంది. తీపంతా ఆల్కహాల్‌గా మారేదాకా పులియనిస్తే అమరోనే. మధ్యలో ఆపితే తీపి మిగిలిపోతుంది, అది రెచోతో. చరిత్రలో ముందు వచ్చింది తీపిదే. ఆరో శతాబ్దంలో థియోడొరిక్ రాజు కొలువులో పెద్ద అధికారిగా పనిచేసిన కాసియోడోరస్ తన ఉత్తరాల్లో వెరోనా ప్రాంతపు ఆరబెట్టిన ద్రాక్ష వైన్ గురించి రాశాడు. అంత పాత పద్ధతి ఇది.

మేనల్లుడు ఇదంతా చెబుతుంటే నాకు ఆత్రేయపురం మామిడి తాండ్ర గుర్తొచ్చింది. చాపల మీద రసం పోసి, ఎండబెట్టి, మళ్ళీ పోసి, పొర మీద పొర కడతారు. నీరు పోగొట్టి తీపిని దగ్గర చేయడం రెండు చోట్లా ఒకటే. తేడా ఎక్కడంటే, మన తాండ్ర మే నెల ఎండలో తయారవుతుంది, ఆ ఎండ రంగునీ రుచినీ ముదర పెడుతుంది. వాళ్ళ ద్రాక్ష నీడలో, చలిగాలికి ఆరుతుంది కాబట్టి పండు వాసన పోదు. ఆ పని మన డెల్టాలో చేస్తే తేమకి వారం తిరక్కుండా గుత్తి మొత్తం బూజు పట్టిపోతుంది. అక్కడ కూడా తేమే వాళ్ళకి పెద్ద టెన్షన్. అందుకే ఇప్పుడు మాసి వాళ్ళు ఆ అటకల్లో తేమనీ, గాలినీ కొలుస్తూ, అవసరమైనప్పుడు ఫ్యాన్లు పెట్టి సరిచేస్తారు.

ద్రాక్షల్లో ముఖ్యమైనది కోర్వీనా. తొక్క మందం, అందుకే అన్ని నెలలు ఆరినా పాడవకుండా తట్టుకుంటుంది. దానికి తోడు రొందినెల్లా, కొంచెం మొలినారా. మూడూ ఆ ఊళ్ళవే.

ఇక కాంపోఫియోరిన్. 1964 పంటతో మొదలుపెట్టిన వైన్ ఇది. తాజా ద్రాక్షతో వైన్ చేసి, దానికి కొంత ఆరబెట్టిన ద్రాక్ష కలిపి రెండోసారి పులియబెడతారు. దాంతో మామూలు వాల్పోలిచెల్లా వైన్ కంటే నోటికి చిక్కదనం వస్తుంది, అమరోనే అంత బరువు ఉండదు. సీసా మీద 13 శాతం అని ఉంది. రంగు ముదురు ఎరుపు, అయినా గ్లాసు అవతల వేలు కనిపిస్తుంది. వాసనలో చెర్రీ, ఎండు ద్రాక్ష, వెనకాల కొంచెం దాల్చినచెక్క. నోట్లో మొదట పండు, తర్వాత సన్నటి పులుపు, చివర్లో నాలుక అంచుల మీద కొంచెం వగరు. ఆ పులుపే దీని ప్రాణం. అది లేకపోతే మన కూరల ముందు ఏ వైనూ నిలబడదు.

కనుమ నాడు దీన్ని గారెలు, నాటుకోడి పులుసుతో పెట్టాను. కారం తగ్గించలేదు, మసాలా మార్చలేదు. గసగసాలు, ఎండుకొబ్బరి నూరి వేసిన చిక్కటి పులుసు, లవంగం, దాల్చినచెక్క ఎప్పటిలాగే. మా బల్ల దగ్గర కూర్చున్నవాళ్ళలో భీమవరం దగ్గర రొయ్యల చెరువులున్న మిత్రుడొకాయన ఉన్నారు. మొదటి గుక్కకి ఆయన మొహం అదోలా పెట్టారు. మా ఆవిడ కూడా రెండు చుక్కలు రుచి చూసి, "ఏమండీ, మరీ వగరుగా ఉందండీ" అంది. అన్నం ముందు ఉత్తి వైన్ ఇచ్చినప్పటి మాటలు ఇవి. గారె పులుసులో ముంచుకుని తిన్న తర్వాత మిత్రుడి గ్లాసు ఖాళీ అయింది. "ఆయ్, దీని సంగతి కోడి వచ్చాకే తెలిసిందండి" అన్నారాయన. మాట అక్షరాలా నిజం. వగరు నోట్లో ఉన్న మాంసకృత్తుల్నీ, కొవ్వునీ పట్టుకుంటుంది. మాంసం, నూనె, మినప్పప్పు ఉంటే వాటిని పట్టుకుని నాలుకని వదిలేస్తుంది. ఏమీ లేకపోతే నాలుకనే పట్టుకుంటుంది. పులుసులోని ఉప్పు కూడా వగరుని మెత్తబరుస్తుంది. ఆ పూట వైన్ తాగేవాళ్ళు నీళ్ళ గ్లాసు దగ్గర పెట్టుకోండి, కారానికి నీళ్ళు, రుచికి వైన్. దాహానికి వైన్ తాగితే త్వరగా తలకెక్కుతుంది.

మాంసం తినని వాళ్ళకి గుత్తి వంకాయ. నువ్వులు, కొబ్బరి, పల్లీల ముద్ద కూరిన కాయ నూనెలో మగ్గి పక్కకి తీసినప్పుడు ఈ వైన్‌తో చాలా బాగా కుదిరింది. నిజానికి నాటుకోడి కంటే ఇదే నాకు ఎక్కువ నచ్చింది. పనసపొట్టు కూరతో మాత్రం కుదరలేదు. ఆవ ఘాటు వైన్ వాసనని పూర్తిగా మింగేసింది. గోంగూర మాంసంతోనూ అంతే. గోంగూర పులుపు ముందు వైన్‌లో ఉన్న పులుపు చప్పబడి, నీళ్ళ మాదిరి అయిపోయింది.

చేపల దగ్గర గట్టిగా చెబుతున్నాను. రెడ్ వైన్‌తో మన చేపల పులుసు వద్దు. గోదావరి జిల్లాలో ఉండి చేప లేకుండా పంక్తి ఏంటని మా అక్క పట్టుబట్టి కొరమీను పులుసు పెట్టించింది. చేప ముక్క తిని ఈ వైన్ తాగితే నోట్లో ఇనప రుచి వచ్చింది. వైన్‌లో సహజంగా ఉండే కొద్దిపాటి ఇనుము చేప నూనెతో కలిసినప్పుడు అలా అవుతుంది. కొవ్వు ఎక్కువున్న పులసతో అయితే ఇంకా ఘోరంగా ఉంటుంది. వరద నీటికి ఎదురొచ్చే చేపని అంత డబ్బు పోసి కొని ఇలా పాడుచేసుకోకండి. రొయ్యల వేపుడు కొంత పరవాలేదు, ఎందుకంటే దానిలో చేప నూనె అంతగా ఉండదు. అయినా పంక్తిలో చేపలే ప్రధానమైతే రెడ్ వైన్ పక్కన పెట్టి తెల్ల వైన్ చూసుకోవడం మంచిది.

రెండో సీసా కోస్తసేరా, మాసి వారి అమరోనే. అస్తమించే సూర్యుడి వైపు తిరిగి ఉండే కొండవాలు తోటల ద్రాక్ష ఇది. ఆల్కహాల్ 15 శాతం. చట్టప్రకారం అమరోనే కనీసం రెండేళ్ళు పీపాల్లో, సీసాల్లో ముదరాలి. ధర కాంపోఫియోరిన్‌కి దాదాపు మూడింతలు. అది ఎందుకో అర్థమైంది: అంత ద్రాక్షలో మూడోవంతు బరువు గాలికి పోయాక, ఇన్ని నెలల చాకిరీ, ఇన్నేళ్ళ నిల్వ.

మూత తీసి గంట సేపు వదిలేశాను. ముందు ఆల్కహాల్ ఘాటు కొట్టింది, తర్వాత నెమ్మదిగా విచ్చుకుంది. ఎండు ఖర్జూరం, బాగా పండిన నేరేడు, ఆ వెనకాల కోకో. ఈ కోకో వాసన మా వైపు వాళ్ళకి బాగా తెలుసు. కొబ్బరి తోటల్లో అంతర పంటగా కోకో వేసిన రైతుల ఇళ్ళ దగ్గర, గింజలు పులియబెట్టి ఆరబోసినప్పుడు గాలిలో వచ్చే వాసన అది. పుల్లగా, తియ్యగా, కొంచెం చేదుగా. గ్లాసులో అదే తగిలేసరికి నాకు చాలా సంతోషమేసింది. నోట్లో చిక్కగా ఉంటుంది, తీపి అనిపిస్తుంది కానీ తీపి కాదు, చివర్లో సన్నటి చేదు చాలాసేపు ఉంటుంది.

ఇంత మంచి వైన్ నాటుకోడి పులుసు పక్కన పెట్టగానే చెడిపోయింది. 15 శాతం ఆల్కహాల్ మిరపకారాన్ని రెట్టింపు చేస్తుంది. నోరు మండి, వైన్‌లో ఉన్న ఖర్జూరం, కోకో అన్నీ ఆ మంటలో పోయాయి. మేనల్లుడు "మావయ్యా, అక్కడ దీన్ని గట్టి చీజ్ ముక్కలతో, లేకపోతే చాలాసేపు ఉడికించిన మాంసంతో తింటారు" అన్నాడు. చాలాకాలం మాగబెట్టిన వాళ్ళ చీజ్‌లు మన దగ్గర దొరకవు. అందుకని వేట మాంసాన్ని కారం వేయకుండా మిరియాలు, ఉల్లిపాయ, నెయ్యితో సన్న సెగన మగ్గించి పెట్టాను. బాగా కుదిరింది. అంతకంటే సులువైనది, నా లెక్కలో అంతకంటే మంచిది కూడా, మోరి జీడిపప్పు. నేతిలో దోరగా వేయించి ఉప్పు, కొంచెం మిరియాల పొడి చల్లండి. కోనసీమలో మోరి గ్రామం జీడిపప్పుకి పెట్టింది పేరు, పప్పులు పెద్దవి, వెన్నలా ఉంటాయి. ఆ కొవ్వుకీ ఉప్పుకీ అమరోనే చేదు మెత్తబడి, పండు రుచి పైకి వచ్చింది. భోజనాలయ్యాక అరుగు మీద కూర్చుని మాట్లాడుకునే వేళకి ఒక్కొక్కరికి చిన్న గ్లాసుడు. అంతకు మించి వద్దు, బరువైన వైన్ ఇది.

మూడోది సెరేగో అలిగియేరి వారి కసాల్ దేయి రోంకి రెచోతో. ఇటలీ మహాకవి డాంటే కొడుకు పియెత్రో 1353లో గర్గన్యాగో అనే ఊళ్ళో కొన్న ఎస్టేటు ఇప్పటికీ ఆయన వంశస్థుల చేతిలోనే ఉంది. 1973 నుంచి వాళ్ళ వైన్లకి మాసి తోడైంది. ఈ సంగతి విన్నాక మా అక్క సీసాని రెండు చేతులతో పట్టుకుని చూసింది. ఆరువందల డెబ్బై ఏళ్ళు ఒక కుటుంబం ఒక పొలాన్ని అమ్ముకోకుండా నిలబెట్టుకోవడం, చెరువులకి లీజుకిచ్చి పొలం గట్లు కూడా మర్చిపోతున్న మా ప్రాంతం వాళ్ళకి గట్టిగా తగిలే విషయం.

తీపి వైన్‌కి ఒక సూత్రం ఉంది. పక్కన తినే స్వీట్ కంటే వైన్ తీపిగా ఉండాలి. లేకపోతే వైన్ పుల్లగా, పలచగా అనిపిస్తుంది. తాపేశ్వరం కాజా పెట్టి చూస్తే అదే జరిగింది. పాకం ముందు రెచోతో వెలవెలబోయింది. అరిసెలతో బాగుంది, నువ్వుల చేదు వైన్‌లోని చేదుతో కలిసింది. అన్నిటికంటే బాగా కుదిరింది ఆత్రేయపురం పూతరేకులు, అందులోనూ బెల్లం, నెయ్యి, జీడిపప్పు వేసినవి. పంచదారవి కాదు. పూతరేకు నోట్లో కరిగిపోయాక మిగిలే నెయ్యి, బెల్లం ఘుమఘుమల మీదకి ఈ వైన్‌లోని చెర్రీ, ఎండు ద్రాక్ష వస్తాయి. 2023లో ఆత్రేయపురం పూతరేకులకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. రెచోతోకి కూడా దాని ప్రాంతం పేరు మీద 2010లో ఇటలీవాళ్ళ అత్యున్నత గుర్తింపు వచ్చింది. ఆ రెండూ ఒకే పళ్ళెం దగ్గర కలవడం నాకు చాలా బాగా అనిపించింది. ఇకమీదట విదేశాల నుంచి వచ్చే కుటుంబాల పంక్తి నా చేతికొస్తే, చివరి ఐటమ్‌గా దీన్నే చెప్పబోతున్నాను.

వేడి సంగతి. సీసాల మీదా, పుస్తకాల్లోనూ రెడ్ వైన్ గది వేడిలో తాగాలని రాస్తారు. ఆ గది ఐరోపా గది, పదహారు, పద్దెనిమిది డిగ్రీలు. మా పాలకొల్లులో సంక్రాంతి రాత్రుళ్ళు మాత్రమే దానికి దగ్గరగా ఉంటాయి. మిగతా నెలల్లో కాంపోఫియోరిన్‌ని ఫ్రిజ్‌లో ముప్పావుగంట, అమరోనేని అరగంట ఉంచి తీయండి. రెచోతో ఇంకాస్త చల్లగా ఉన్నా బాగుంటుంది. ఐసు ముక్కలు మాత్రం వేయకండి.

కొనేటప్పుడు కూడా వేడినే గమనించాలి. పోయిన వేసవిలో పక్క టౌన్‌లో ఒక షాపు నుంచి ఇటలీ రెడ్ వైన్ ఒకటి తెచ్చాను. అది మాసి వాళ్ళది కాదు. షాపులో ఏసీ లేదు, సీసా అద్దాల అరలో ఎండ తగిలేలా నిలబెట్టి ఉంది. ఇంటికొచ్చి చూస్తే బిరడా కొంచెం పైకి లేచి ఉంది, మెడ దగ్గర జిగురు. వైన్ ఉడికిన పండ్ల వాసన కొట్టింది, రంగు గోధుమ వైపు తిరిగింది. తీసుకెళ్ళి చూపిస్తే మార్చనన్నారు. అంత ధర తీసుకుని సరుకుని అలా ఎండలో పెట్టడం చాలా అన్యాయం. కాబట్టి ముందు షాపు చల్లగా ఉందా చూడండి. సీసా పడుకోబెట్టి ఉందా చూడండి. రేకు తొడుగు కింద బిరడా ఉబ్బి ఉంటే ఎంత తగ్గించి ఇచ్చినా వద్దు. మన వైపు షాపుల్లో మంచి ఇటలీ రెడ్ దొరకడమే తక్కువ కాబట్టి, వచ్చేవాళ్ళ చేత తెప్పించుకోవడమే నయం. తెచ్చేవాళ్ళు సూట్‌కేసు మధ్యలో బట్టల్లో చుట్టి పెట్టాలి, దిగిన రోజున కాకుండా ఒక వారం కదపకుండా ఉంచి తీయాలి.

మిగిలిన వైన్ పారబోయకండి. కాంపోఫియోరిన్ బిరడా బిగించి ఫ్రిజ్‌లో పెడితే రెండు రోజులు తాగడానికి బాగుంటుంది, అమరోనే మరో రోజు ఎక్కువే ఆగుతుంది. తర్వాత పులుపు తిరిగితే వంటకి వాడుకోవచ్చు. సీసా అడుగున మిగిలిన కాంపోఫియోరిన్‌ని నేను వేట మాంసం మగ్గేటప్పుడు చింతపండుకి బదులు పోశాను. ఉల్లిపాయ బాగా ఎర్రబడ్డాక పోసి, ఘాటు పోయేదాకా మూత పెట్టకుండా మరగనివ్వాలి.